ఎవలింటి గుంటవే?

ఆంధ్రా సరిహద్దుకి ఆనుకుని ఒడిశాలో ఉన్న మా కాశీనగరం వైపు వాళ్ళకి పట్నాలు రెండే. ఒకటి విశాఖపట్నం, రెండోది బరంపురం. జబ్బు ముదిరినా, పెళ్ళికి పట్టుచీర కొనాలన్నా, ఒడియా బడిలో చదివిన పిల్లలు కాలేజీలో చేరాలన్నా బరంపురమే దిక్కు. 1992లో గజపతి జిల్లా విడిపోయేదాకా మేమూ గంజాం జిల్లావాళ్ళమే. కలెక్టరు ఛత్రపురంలో ఉన్నా, జనం నోట్లో మాత్రం ఎప్పుడూ బరంపురమే ఉండేది. "బరంపురం ఎల్లొచ్చినాడు" అంటే ఆ మనిషికి లోకం తెలుసని లెక్క.

మా ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. సంతరోజు కొండ దిగి వచ్చే సవరలతో ఆ రెండూ కలిపి, వాళ్ళ మాటలు నాలుగు చేర్చి మాట్లాడేవాళ్ళం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, అక్కడే దశాబ్దాలు ఉండి సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. మా తాత ఈ సంగతి చెప్పినప్పుడల్లా గొంతు తగ్గించేవారు. మా పొలాలు వంశధార పక్కనే ఉన్నాయి కనుక మేం ఉండిపోయాం. బళ్ళో తెలుగు లేకపోతే ఏం, ఇంట్లో ఉంది కదా అని, చుట్టాలింటి నుంచి తెచ్చుకున్న పాత వారపత్రికల మీద వేలు పెట్టించి ఆయనే నాకు తెలుగు అక్షరాలు నేర్పారు. ఇవాళ ఇది రాస్తున్నానంటే ఆయన చలవే.

1997లో ఖల్లికోట్ కాలేజీలో డిగ్రీ సీటు వచ్చింది. రాష్ట్రపతిగా చేసిన వి.వి.గిరిగారు పుట్టింది బరంపురంలోనే, చదివింది ఆ కాలేజీలోనే అని తాత ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పారు. అమ్మ మాత్రం టెన్షన్‌తో రెండు పూటలు సరిగా తినలేదు. మేనత్త పక్కన కూర్చోబెట్టుకుని, "పట్నంలో ఎవల్తోనూ మాటాడకు. అక్కడ ఎవలికెవలూ కారు" అని ఒకటికి పదిసార్లు చెప్పింది. ఆవిడ చెప్పిన తీరు చూస్తే బరంపురంలో మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకోరేమో అనిపించింది.

అప్పటికింకా చిన్న రైలు నడుస్తోంది. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను అది. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా, 1931లో గుణుపురం దాకా. నాన్నా నేనూ ఒక రేకుపెట్టె, బియ్యం మూట, ఆవకాయ జాడీ పట్టుకుని ఎక్కాం. ఆ ప్రయాణంలో ఒక విచిత్రం ఉంది. మేం ఎక్కింది ఒడిశాలో. పర్లాకిమిడి దాటగానే పాతపట్నం, అంటే ఆంధ్రా. టెక్కలి మీదుగా నౌపడా. అక్కడ దిగి పెద్ద లైను రైలు ఎక్కితే పలాస, సోంపేట, ఇచ్ఛాపురం. ఇచ్ఛాపురం దాటాక మళ్ళీ ఒడిశా. సొంత రాష్ట్రంలోని పట్నానికి పొరుగు రాష్ట్రం మీదుగా వెళ్ళాలి. రైలుపెట్టెలో పక్కన కూర్చున్నవాళ్ళ మాట దారంతా తెలుగే. ఎక్కడ ఏ రాష్ట్రం మొదలైందో స్టేషన్ బోర్డు మీది అక్షరాలు చూసి తెలుసుకోవాలి తప్ప మనుషుల్ని చూసి కాదు.

బరంపురం స్టేషన్ బయట సైకిల్ రిక్షాలు బారులు తీరి ఉన్నాయి. అంతమంది జనాన్ని ఒక్కచోట సంతలో తప్ప చూడలేదు. ఒకాయన వచ్చి నాన్న చేతిలో పెట్టె అందుకుని, "కువాడే జిబొ, మా?" అన్నాడు నాతో, ఎక్కడికెళ్ళాలమ్మా అని. దేశిబెహరా వీధి అని నాన్న ఒడియాలోనే చెప్పారు. నాన్న యాసలో ఏం వినపడిందో, ఆయన వెంటనే తెలుగులోకి దిగిపోయాడు. "ఎవలింటికి బాబూ?" నాన్న ఇంటాయన పేరు చెప్పారు. "అచ్చా, మూడు మగ్గాలోలింటికా" అని, రిక్షా తొక్కుతూనే వెనక్కి తిరిగి నన్నడిగాడు, "నువ్వెవలింటి గుంటవే?"

ఎవరింటి పిల్లవే అని. మా ఊళ్ళో కొత్తగా ఎవరు కనిపించినా ముసలమ్మలు అడిగే ప్రశ్న అది. మేనత్త మాట గుర్తొచ్చి నేను నోరు విప్పలేదు. నాన్నే చెప్పారు. గేట్ బజార్ దాటి, బడా బజార్ సందుల్లో పడేసరికి మా తాత పేరు, మా పొలం ఎన్ని ఎకరాలు, నేను ఏ గ్రూపు చదవబోతున్నాను అన్నీ ఆయనకి తెలిసిపోయాయి. దింపాక కిరాయి తీసుకుని, "ఏ అవసరమొచ్చినా స్టేషను కాడ మామయ్య ఉన్నాడని గుర్తుంచుకో" అన్నాడు. అంత పెద్ద ఊళ్ళో నాకు వరస కలిసిన మొదటి మనిషి ఆయన. మాతృభాష ఒడియా. చివరిదాకా నాతో మాత్రం తెలుగే మాట్లాడాడు.

అద్దెకి తీసుకున్న గది ఒక నేతవాళ్ళ ఇంట్లో. దేవాంగుల్నే అక్కడ దేరాలంటారు. తరాల కిందట ఆంధ్ర వైపు నుంచి వచ్చినవాళ్ళమని చెప్పుకుంటారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. ఆ ఇల్లు వీధి వైపు నాలుగు బారలుంటుంది, లోపలికి మాత్రం రైలుపెట్టెలా సాగిపోతుంది. ముందు అరుగు, దాని వెనక వసారా, ఆ వెనక మగ్గాల గది, ఆపైన వంటిల్లు, బావి, చిట్టచివర పెరటి వాకిలి. అటూ ఇటూ ఇళ్ళతో గోడలు ఉమ్మడే. పక్కింట్లో పోపు వేస్తే మన వంటింట్లో తుమ్ములు వస్తాయి. నా గది మేడ మీద. ఆ వీధి మేడలన్నీ పిట్టగోడ ఎత్తు తేడాతో కలిసే ఉంటాయి కనుక వేసవి రాత్రుళ్ళు వీధి వీధంతా ఒకే పక్క వేసుకుని పడుకున్నట్టే.

ఇంటావిడని పెద్దమ్మ అన్నాను. నాన్న తిరుగు రైలుకి వెళ్ళిన సాయంత్రం నేను గదిలో కూర్చుని ఏడుస్తుంటే ఆవిడ పైకి వచ్చి ఓదార్చలేదు. కింద నుంచి కేకేసింది. "ఒలే, కాలేజీ! కిందకి రా. కండెలు చుట్టాల, చెయ్యి ఖాళీగా లేదు నాకు." దిగి వెళ్ళాను. రాట్నం ముందు కూర్చోబెట్టి, పట్టుదారం కొస నా చేతికిచ్చి, ఎంత బిగువు పెట్టాలో నా చేతి మీద తన చెయ్యి వేసి చూపించింది. తడి చేత్తో ముట్టుకోకూడదు. వేళ్ళకి గరుకు ఉంటే పోగు లేచిపోతుంది. అందుకని ముందు కొబ్బరినూనె రాసి తుడుచుకోమంది. ఆ పూట ఎన్ని కండెలు చుట్టానో, ఎప్పుడు ఏడుపు ఆగిందో తెలియలేదు.

బరంపురం పట్టు గురించి ఊరికే చెబితే నాకు తృప్తి ఉండదు. కుంభం అంచు వేస్తుంటే చూడాలి. చీర ఒంటి రంగు వేరు, అంచు రంగు వేరు. ఆ రెండూ కలిసేచోట గుడి శిఖరాలు వరసకట్టినట్టు కోసుగా పళ్ళు లేస్తాయి. ఒక రంగు ఇంకో రంగులోకి చిందకూడదు. అందుకని ఒంటికి ఒక నాడె, రెండు అంచులకీ రెండు నాడెలు. నాడె అంటే అడ్డదారాన్ని అటూ ఇటూ మోసే పనిముట్టు. పెద్దమ్మ భర్తని పెదనాన్న, కోడల్ని వదిన అనేదాన్ని. పెదనాన్న గుంట మగ్గంలో కాళ్ళు దింపి మధ్యలో కూర్చుంటే, పక్కన వదిన చిన్న పీట మీద. ఆయన ఒంటి నాడె విసరగానే అది అంచు మొదట్లోకి వచ్చి ఆగుతుంది. వదిన అంచు నాడెలో దారాన్ని దానికి మెలికేసి వెనక్కి పంపుతుంది. దారాన్ని దగ్గరికి నొక్కే అచ్చు ఒకసారి దభీమని పడుతుంది. మళ్ళీ మొదలు. మాటలుండవు. కంటిచూపుతోనే ఇద్దరికీ తెలిసిపోతుంది ఎక్కడ పన్ను పెంచాలో, ఎక్కడ తగ్గించాలో. పూట గడిచేసరికి చీర జానెడు పెరిగిందంటే గొప్ప. పూరీ జగన్నాథస్వామికి కట్టే పట్టు కూడా ఈ ఊరి మగ్గాల మీదిదేనని పెదనాన్న ఎంతో భక్తిగా చెప్పేవారు. ఆ మాట చెప్పినప్పుడు నాడె పక్కన పెట్టి చేతులు జోడించేవారు.

పొద్దున టిఫిను వీధి మలుపులో. పూరీ ఉప్మా. పూరీ మీద ఉప్మా పెట్టుకుని తినడం నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు. పైన బఠాణీల ఘుగుని ఒక గరిటె. కొట్టు ఒడియా దంపతులది. ఆయన వడలు తీస్తాడు, ఆవిడ లెక్క రాస్తుంది. నా ఖాతా పేజీ మీద పేరు లేదు, "కాశీనగర్ ఝిఅ" అని రాసి ఉండేది, కాశీనగర్ కూతురని. నెల మొదట్లో మనియార్డరు ఆలస్యమైతే నాకంటే ముందు ఆవిడకే తెలిసేది, ఎందుకంటే నేను ఉప్మా మానేసి ఉత్త వడ అడిగేదాన్ని. అలాంటి రోజు ఆవిడ ఏమీ అనకుండా ఆకులో ఉప్మా కూడా పెట్టేసేది. ఆవిడని మావుసీ అనేదాన్ని. పెద్దమ్మకీ ఆవిడకీ పచ్చళ్ళ మీద పోటీ. బరంపురం పచ్చళ్ళు, అప్పడాలు ఒడిశా అంతా వెళ్తాయి కదా, ఇద్దరూ దాన్ని తమ సొంత ప్రతిష్ఠగా తీసుకునేవారు. మధ్యలో నా ఆవకాయ జాడీకి ఇద్దరి దగ్గరా మంచి మార్కులు వచ్చాయి. మా అమ్మని చూడకుండానే ఇద్దరూ ఆవిడతో చుట్టరికం కలుపుకున్నారు.

ఊరు నెమ్మదిగా అలవాటైంది. రామలింగం చెరువు గట్టు, గిరి మార్కెట్టు, అస్కా రోడ్డు, బిజీపురం, ఆసుపత్రి వైపు మలుపు. ఏ కొట్లో ఒడియాలో మొదలుపెట్టాలో, ఏ కొట్లో తెలుగులో మొదలుపెడితే ధర తగ్గుతుందో వదిన చెప్పేది. నిజానికి ఏ భాషలో మొదలైనా మధ్యలో మారిపోయేది. బేరం ఒడియాలో, కొసరు తెలుగులో. సాయంత్రం స్టేషన్ దగ్గర తెలుగు పేపరు దొరికేది, ఉదయం రైలుకి వచ్చినది. రిక్షా మామయ్య ఒకటి తీసి నాకోసం అట్టే పెట్టేవాడు. ఆయనకి తెలుగు చదవడం రాదు. వీలున్నప్పుడు నాలుగు వార్తలు చదివి వినిపించమనేవాడు. పేపరు డబ్బులు తీసుకునేవాడు కాదు, చదివి పెట్టినందుకు చెల్లుకి చెల్లు అనేవాడు.

కాలేజీలో నా పక్క బెంచీ అమ్మాయిది అస్కా, పంచదార మిల్లు ఉన్న ఊరు. తెలుగు ఒక్క ముక్క రాదు. నా ఒడియాలో యాస విని మొదటి వారం కొంతమంది నవ్వినప్పుడు, "అది గంజాం యాసే, మనదే" అని లేచి నిలబడి చెప్పింది. కటక్ నుంచి వచ్చిన పిల్లలకి అస్కావాళ్ళ ఒడియా కూడా వింతగానే ఉంటుందని తర్వాత తెలిసింది. తను నా నోట్సు ఒడియా తప్పులు దిద్దేది, నేను తనకి తెలుగు అక్షరాలు నేర్పాను. పరీక్షల ముందు రాత్రి మా మేడ మీద ఇద్దరం చదువుకుంటుంటే కింద నుంచి మగ్గం చప్పుడు ఆగకుండా వినిపించేది. మగ్గం ఆగితే తనకి నిద్ర వచ్చేస్తుందనేది.

ఆసుపత్రి సంగతి చెప్పి తీరాలి. వదిన కాన్పుకి మెడికల్ కాలేజీలో చేర్చారు. 1962లో మొదలైన ఆ కాలేజీకి మా పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతిగారి పేరు. 1937లో ఒడిశాకి మొదటి ప్రధానమంత్రి, అంటే ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి, అయినాయన. గేటు మీద ఆ పేరు చూస్తే మా ఊరివాళ్ళకి కొండంత ధైర్యం. నాలుగు జిల్లాల రోగులూ అక్కడికే వస్తారు, ఇచ్ఛాపురం, కవిటి వైపు నుంచి ఆంధ్రావాళ్ళూ వస్తారు. ఓపీ చీటీల దగ్గర ఒక సవర జంట నిలబడి ఉన్నారు. ఆయన భుజం మీద పిల్లాడు జ్వరంతో వేలాడుతున్నాడు. కౌంటరులో అడిగింది వాళ్ళకి అర్థం కాలేదు, వాళ్ళు చెప్పింది వీళ్ళకి అర్థం కాలేదు. వరస ముందుకు జరిగిపోతోంది. నాకు వచ్చిన సవర మాటలు సంత మాటలే. బియ్యం, ఉప్పు, ఎంత, ఎన్నాళ్ళు. "ఎన్నాళ్ళు" చాలింది ఆ రోజు. జ్వరం ఎన్నాళ్ళ నుంచో అడిగి చీటీ రాయించి, పిల్లల వార్డు దాకా తీసుకెళ్ళాను. మా కాశీనగరం సంతకి వాళ్ళు వస్తూనే ఉండేవారట. ఎన్నేళ్ళుగానో ఒకే సంతలో తిరిగి, మొదటిసారి మాట్లాడుకున్నది ఇంత దూరంలో, బరంపురంలో. వార్డులో ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ఒక మామ్మ తన గంజి గిన్నెలోంచి ఆ తల్లికి సగం పోసింది. అడగలేదు, పోసేసింది. పిల్లాడికి తగ్గింది. ఆ తర్వాత నేను సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఆ తండ్రి సంతలో నన్ను పోల్చుకుని ఒక శేరు కందులు కొంగులో పోసి వెళ్ళాడు. అమ్మ ఆ కందుల్ని పండగ దాకా దాచింది.

వదినకి ఆడపిల్ల. బారసాలయ్యాక పెదనాన్న అందర్నీ గోపాలపురం తీసుకెళ్ళారు. పదహారు కిలోమీటర్లే, అయినా నేను సముద్రం చూడడం అదే మొదలు. లైట్‌హౌస్, పాత రేవు తాలూకు కూలిన గోడలు, వాటి మీద మేకలు. పెద్దమ్మ వాళ్ళ తాత ఆ రేవులోనే ఓడెక్కి రంగూన్ వెళ్ళాడట. యుద్ధం వచ్చాక అడవుల్లో నడిచి వెనక్కి వచ్చినవాళ్ళలో ఆయన లేడు. ఆ కథ చెబుతూ ఆవిడ గోడ మీద చెయ్యి వేసి నిలబడింది. కాసేపటికి ఒడ్డున చేపలు అమ్ముతున్న ఒక ముసలావిడ దగ్గర బేరం మొదలైంది. ఒడియాలో గట్టిగా సాగింది. మధ్యలో పెద్దమ్మ నావైపు తిరిగి "ఒలే, సంచీ తే" అంది. చేపలావిడ మొహం మారిపోయింది. "మా మాటే మాటాడతన్నారేటమ్మా, ముందే సెప్పొచ్చు కదా!" అని గంపలోంచి ఇంకో రెండు చేపలు తీసి సంచీలో పడేసింది. ఒడియావాళ్ళు నోళియాలంటారు వాళ్ళని. గంజాం తీరమంతా వేటకెళ్ళేది ఎక్కువగా వాళ్ళే, వాళ్ళ ఇంటి మాట తెలుగు. పూరీలో యాత్రికుల్ని చెయ్యి పట్టుకుని సముద్రస్నానం చేయించేదీ వాళ్ళే. తన కొడుకులు అప్పుడే తెప్ప లాగుతున్నారు. పిలిచి మమ్మల్ని చూపించింది, చుట్టాలొచ్చారన్నంత సంబరంగా.

1999 దసరా రోజులు. అక్టోబరు 17 సాయంత్రానికే గాలి తీరు మారింది. తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటుతుందని రేడియోలో చెప్పారు. వీధిలో దుర్గ పందిళ్ళ గుడ్డలు విప్పేశారు. రాత్రి గాలి హోరులో మాట వినపడలేదు. మా ఇంటి ముందు భాగం డాబా, మగ్గాల గది మీద పెంకులు. అర్ధరాత్రి దాటాక పెంకులు లేవడం మొదలైంది. మగ్గం మీద ఒక పెళ్ళి చీర సగం నేసి ఉంది. పట్టు తడిస్తే రంగు దిగుతుంది, అప్పు తెచ్చి కొన్న సరుకు పోతుంది, ముహూర్తం తప్పుతుంది. పెదనాన్న మగ్గం మీద అడ్డంగా వంగి తన వీపుతో నీళ్ళు ఆపుతూ నిలబడ్డారు. పెద్దమ్మ ఉమ్మడి గోడ మీద రోకలితో బాదింది. ఆ గాలిలో ఎవరొస్తారు అనుకున్నాను. వచ్చారు. పెరటి వాకిళ్ళ గుండా, నడుముకి తాడు కట్టుకుని, పక్కింటి అన్నదమ్ములు, వాళ్ళ వెనక టిఫిను కొట్టాయన. లాంతరు పట్టుకుని నేను నిలబడితే, పడుగు ఒక్క పోగు తెగకుండా మగ్గం నుంచి విప్పి, చుట్టి, దుప్పట్లలో మూటగట్టి, చేతులు మార్చుకుంటూ మూడిళ్ళ అవతల డాబా గదిలోకి చేర్చారు. తర్వాత ఒక్కో ఇంటి మగ్గం దగ్గరికీ అలాగే వెళ్ళారు. తెల్లారేసరికి వీధి పట్టంతా ఒకే గదిలో మూటలుగా ఉంది. ఎవరిది ఏ మూటో వదిన ముడి చూసి చెప్పింది.

కరెంటు లేని రోజులవి. విరిగిన చెట్ల మధ్య నడిచి వెళ్ళి బోరింగు దగ్గర వరసలో నిలబడేవాళ్ళం. నాన్న ఎలాగో నౌపడా దాకా వచ్చి, అక్కడి నుంచి దొరికిన బండి ఎక్కి నన్ను తీసుకెళ్ళడానికి వచ్చారు. వచ్చినాయన పైకప్పు ఎక్కి పెంకులు సర్దుతూ ఉండిపోయారు. నెలాఖరున, 29న, పెనుతుపాను జగత్సింగ్‌పూర్ వైపు విరుచుకుపడింది. వేలమంది పోయారన్న వార్త వినగానే, ఇంకా తమ ఇళ్ళే కప్పుకోని ఆ వీధివాళ్ళు అటుకులు, బెల్లం, పాత బట్టలు పోగుచేసి లారీకెక్కించారు. టిఫిను కొట్టు మావుసీ పుట్టిల్లు అటేనని అప్పుడే తెలిసింది. ఆవిడ మూటలు కడుతూ ఏడుస్తుంటే పెద్దమ్మ పక్కన కూర్చుని తనూ కట్టింది. పచ్చళ్ళ పోటీ ఆ తర్వాత మళ్ళీ పెట్టుకోలేదు ఇద్దరూ.

బుఢీ ఠాకురాణి యాత్ర చూస్తే గానీ నాకు ఆ ఊరి మనసు పూర్తిగా అర్థం కాలేదు. రెండేళ్ళకోసారి చైత్రంలో వస్తుంది. అమ్మవారు నేతవాళ్ళ పెద్ద దేశిబెహరాకి కూతురు. అందుకని ఆ నెల రోజులూ ఆవిడ గుడిలో ఉండదు, పుట్టింటికి, అంటే మా వీధికి వస్తుంది. కూతురు వచ్చిన ఇంట్లో ఎంత హడావుడి ఉంటుందో అంత హడావుడి ఊరంతా. సాయంత్రం కాగానే ఆడవాళ్ళు తల మీద పూలు కట్టిన ఘటాలు పెట్టుకుని వీధులన్నీ తిరుగుతారు. వాళ్ళ కాళ్ళ మీద పసుపు నీళ్ళు పోయడానికి ప్రతి వాకిట్లోనూ బిందెలు సిద్ధం. ఘటం మోసే వరసలో పెద్దమ్మ నడుస్తుంటే నేను పక్కన చెంబు పట్టుకుని నడిచేదాన్ని. కాళ్ళు బొబ్బలెక్కినా ఆవిడ దించమనేది కాదు.

మొక్కున్నవాళ్ళు వేషాలు కడతారు. పులివేషాలు మరీ ఎక్కువ. ఒక రాత్రి డప్పుల మధ్య ఒళ్ళంతా పసుపు, నలుపు చారలు పూసుకున్న పెద్ద పులి ఒకటి నా ముందుకి గెంతి ఆగి, "పేపరు తీసి ఉంచినాను, రెండు రోజులై రాలేదేటి?" అంది. రిక్షా మామయ్య. కూతురికి జబ్బు నయమైందని మొక్కట. రంగు ఆరకుండా గాలి తగిలేలా చేతులు దూరంగా పెట్టుకుని నిలబడి, ఆ అమ్మాయి ఇప్పుడు ఎలా ఉందో, బడికి ఎప్పటి నుంచి పంపుతున్నాడో అన్నీ చెప్పి, మళ్ళీ డప్పు కొట్టగానే గెంతుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ నెల మా మేడ మీద ఎవరెవరు పడుకున్నారో లెక్క లేదు. అస్కా స్నేహితురాలి ఇంటిల్లిపాదీ, కాశీనగరం నుంచి అమ్మా మేనత్తా, వదిన పుట్టింటివాళ్ళు. ఎవరికెవరూ కారని చెప్పిన మేనత్త, రెండో రోజుకే వీధి చివరి ఇంట్లో కూర్చుని వాళ్ళ కోడలికి పురుటి పత్యం చెబుతోంది.

డిగ్రీ అయ్యాక వెనక్కి వచ్చేశాను. పర్లాకిమిడిలో టీచరునయ్యాను, ఇక్కడే సంసారం. 2004లో చిన్న రైలు ఆపేశారు, తర్వాత పెద్ద పట్టాలు వేశారు. 2013లో ఫైలిన్ తుపాను మళ్ళీ గోపాలపురం దగ్గరే తీరం దాటింది. అప్పటికి ఫోన్లున్నాయి. ఆ రాత్రి లైను తెగిపోయేదాకా పెద్దమ్మతో మాట్లాడుతూనే ఉన్నాను. మగ్గాల గదికి డాబా వేశారు కనుక భయం లేదని ఆవిడే నాకు ధైర్యం చెప్పింది.

మగ్గాల గదికి డాబా పడింది గానీ మునుపటిలా మూడు మగ్గాలు లేవు. పెదనాన్న పోయారు. ఇప్పుడు ఒకటే మగ్గం, అన్నయ్య పెద్దరికంలో నడుస్తోంది. పట్టు ధర పెరిగింది, జానెడు చీరకి పూటంతా కూర్చునే ఓపిక ఉన్న పిల్లలు తక్కువ. నాకు దీని మీద చాలా బాధ ఉంది. ఆ కుంభం అంచు చేతిలోకి రావడానికి ఏళ్ళు పడుతుంది, చేతిలోంచి పోవడానికి ఒక తరం చాలు. పుట్టినప్పుడు నేను ఆసుపత్రిలో ఎత్తుకున్న పిల్ల ఇప్పుడు బ్యాంకు ఉద్యోగి. దాని తమ్ముడు సూరత్ వెళ్ళాడు, గంజాం కుర్రాళ్ళు వేలమంది వెళ్ళే పవర్‌లూమ్ పనికే. వెళ్ళిన కొత్తలో వాడు నాకు ఫోన్ చేసి బెంగగా ఉందన్నాడు. గదిలో అందరూ గంజాంవాళ్ళేనట, మిల్లులో మాత్రం కరీంనగర్, వరంగల్ వైపు తెలుగువాళ్ళున్నారట. "నా తెలుగు వాళ్ళకి నవ్వొస్తంది అత్తా, ఒడియా కలిసిపోతంది" అన్నాడు. అందులో ఒక పెద్దాయన మాత్రం రోజూ వాడి కోసం జొన్నరొట్టె ఒకటి ఎక్కువ తెస్తున్నాడని కూడా చెప్పాడు. ఆయనకి వీడు నాలుగు ఒడియా మాటలు నేర్పుతున్నాడట, గదిలో కుర్రాళ్ళతో మాట్లాడుకోడానికి.

మొన్న పెద్దమ్మ ఫోన్ చేసింది. ఇప్పుడు ఆవిడకి చెవి సరిగా వినపడదు, అందుకని మనం ఏం చెప్పినా ఆగకుండా తను చెప్పాల్సింది చెప్పేస్తుంది. యాత్రకి సూరత్ నుంచి వాడు వస్తున్నాడట, వెంట ఆ రొట్టెల పెద్దాయన్ని కూడా తెస్తానన్నాడట. "ఆయనకి మన కూడు నచ్చుతదో లేదో. నువ్వు రెండు రోజులు ముందు రా. వంశధార వంకాయలు తే, లేతవి చూసి తే. ఆవకాయ జాడీ పెద్దది తే. మీ ఆయన్ని కూడా తీసుకురా, మేడ మీద నీళ్ళు మోయడానికి మగోళ్ళు కావాల. ఇంకేటి... ఆ, కొబ్బరినూనె మరిసిపోకు. నీ కూతురికి ఈసారి కండెలు చుట్టడం నేర్పుతాను."